ఫకుందోకి సంతాప తీర్మానం

"సభలో ఫకుందోకి సంతాప తీర్మానం పెడదాం చెల్లెమ్మా" అని బెలార్మినో అడిగినప్పుడు ఓర్లిండా కాదనలేదు. కాదనడానికి నోరెలా వస్తుంది? భర్త పోయి ఇంకా ఆర్నెల్లు నిండలేదు. అడిగినవాడు తోటి సెనేటరే అయినా పరాయివాడు కాదు. ఆమె కూతురి బాప్తిస్మంలో పసిగుడ్డును చేతుల మీద పట్టుకుని నిలబడ్డవాడు. బిడ్డకు జ్ఞానతండ్రిగా నిలిచినందుకు ఫకుందోకి కొంపాద్రె. ఆ కొండ ఊళ్లలో కొంపాద్రె అంటే తోడబుట్టినవాడికన్నా ఒక మెట్టు పైనే. తోడబుట్టినవాడితో పంటకాలవ దగ్గర తలలు పగలగొట్టుకున్నా లోకం క్షమిస్తుంది గానీ, కొంపాద్రెతో గొంతు పెంచి మాట్లాడితే క్షమించదు.

ఇద్దరూ శాసనసభ క్యాంటీన్లో పచ్చిమిరపకాయల పులుసూ రొట్టే తింటున్నారు.

"ఎప్పుడు పెడదామంటావన్నా?" అంది ఓర్లిండా.

"చివరి రోజు పొద్దున. ఆ రోజైతే సభ నిండుగా ఉంటుంది. పెద్దమ్మని కూడా తీసుకురా. కన్నకొడుకు గురించి పదిమంది నాలుగు మంచి మాటలంటే విని పోతుంది పాపం, ముసలి ప్రాణం."

అంటూనే బెలార్మినో కళ్లు తుడుచుకున్నాడు. అవి మిరపకాయకి వచ్చిన నీళ్లు కావు. ఆ మనిషి కళ్లల్లో నీళ్లెప్పుడూ నిజమే, అందుకే ఆయనతో అంత ప్రమాదం. 'చివరి రోజు' అన్న మాట దగ్గరే ఓర్లిండా ఆగి ఆలోచించి ఉండాల్సింది. చావింటికి వచ్చినవాడి మాటలో మెలిక వెతకడం ఆమెకు చేతకాదు. సరేనంది, పైగా వెళ్లేటప్పుడు ఆయన చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది.

ఫకుందో ఆ సభలో చాలా ఏళ్లే కూర్చున్నాడు. కూర్చున్నన్నాళ్లూ ఒకటే బిల్లు తెచ్చాడు, తెచ్చిన ప్రతిసారీ ఓడిపోయాడు. అదేమంత అర్థంకాని బిల్లు కాదు. వాడుకుని వదిలేసిన గ్యాస్ బావుల్ని తవ్వినవాళ్లే పూడ్చాలి. పూడ్చేదాకా వాళ్లకు కొత్త బావి ఇవ్వకూడదు. ఇళ్లకూ బళ్లకూ దగ్గర్లో అసలు తవ్వనే కూడదు. రాష్ట్రంలో కరెంటు మెల్లమెల్లగా గ్యాస్ మీద నుంచి ఎండ మీదికీ గాలి మీదికీ మళ్లాలి. ఎండకూ గాలికీ ఆ రాష్ట్రంలో కరువు లేదు, ఇంకేమీ లేకపోయినా అవి దండిగా ఉన్నాయి. అయినా గ్యాస్ కంపెనీల వాళ్లు క్యాంటీన్ దగ్గర నుంచి గవర్నరు గుమ్మం దాకా బారులు తీరి నిలబడితే, ఎండ తరఫున వచ్చి నిలబడే నాథుడెవడు? ఫకుందో ఒక్కడే నిలబడేవాడు.

ఆయన ఊరు ఒహితో. అమెరికా వాళ్లు వచ్చి జెండా పాతకముందు నుంచీ ఆ లోయలో స్పానిష్ మాట్లాడుకుంటూ మొక్కజొన్నా మిరపా పండించుకుంటున్న ఊరు. ఊరి బడి వెనక ఒక పాత గ్యాస్ బావి ఉంది. ఎవరో తవ్వారు, ఇంకెవరికో అమ్మారు, వాళ్లు పేరు మార్చుకుని మూడో చేతికి కట్టబెట్టారు. బావి మాత్రం నోరు తెరుచుకుని అక్కడే ఉంది. గాలి కొండవైపు నుంచి తిరిగిందంటే బడిలో కుళ్లిన గుడ్ల కంపు. ఆ కంపు కొడుతున్నంతసేపూ భయం లేదు, ఉన్నట్టుండి ఆగిపోయిందంటే గ్యాస్ ఎక్కువై ముక్కు చచ్చిందన్నమాట, అప్పుడు పరిగెత్తాలి అని ఆ లోయలో అక్షరాలకన్నా ముందు నేర్పుతారు. పోయిన ఆకురాలే కాలంలో ఒకరోజు పొద్దున్నే పంతులమ్మ ఫోన్ చేస్తే, పిల్లలొచ్చే లోపల మర బిగించి వద్దామని ఫకుందో ఒక్కడే వెళ్లాడు. ముక్కు సంగతి ఆయనకు తెలియక కాదు. మర తుప్పు పట్టి తిరగలేదు, ఇంకొక్క పట్టు పట్టి చూద్దామనుకున్నట్టున్నాడు. జనం వెళ్లి చూసేసరికి చేతిలో రెంచీ అలాగే ఉంది, మనిషి బోర్లా పడి ఉన్నాడు.

పోయినవాడి కుర్చీలో భార్యను కూర్చోబెట్టడం అక్కడ కొత్తేమీ కాదు. నల్లబట్టలు కట్టుకుని వస్తుంది, చెప్పినచోట చెయ్యెత్తుతుంది, ఎన్నికలు రాగానే ఇంటికి పోతుంది అని అందరి లెక్క. ఓర్లిండా ఆ బడిలోనే వంట చేసిన మనిషి. ఏ గాలికి ఏ పిల్లకి తలనొప్పి వస్తుందో, ఏ పిల్లాడు అన్నం వద్దని పళ్లెం నెట్టేస్తాడో ఆమెకు కంఠతా వచ్చు. అదే ప్రతి సెనేటర్ గదికీ వెళ్లి చెప్పింది. చట్టాల భాష ఆమెకు రాలేదు, రావాలని ఎవరూ అడగలేదు కూడా. ఆ సభలో పలుకుబడి ఉన్న హారియెట్ ప్రూయిట్ అనే రాజధాని సెనేటర్ ఆమె వెంట తిరిగింది. ఆశ్చర్యం, దిగువసభలో బిల్లు నెగ్గింది. తను కూర్చునే ఎగువసభలో, అంటే సెనేట్‌లో, ఒక్క ఓటు ఆధిక్యం కుదిరింది. గవర్నరు సంతకానికి సిద్ధంగా ఉన్నాడు.

ఇక మిగిలిందల్లా చివరి రోజు ఓటింగు. ఆ రాష్ట్రంలో సమావేశాలు చివరి రోజు మధ్యాహ్నం పన్నెండింటికి ముగిసిపోతాయి. రాజ్యాంగంలో రాసిన మాట అది. సభాపతి సుత్తి పడేసరికి ఓటుకు రాని బిల్లు చచ్చినట్టే. పై ఏడాది సమావేశాల్లో బడ్జెట్ తప్ప ఇంకొకటి ముట్టుకోరు. ఆ పై ఏటికి ఓర్లిండా ఈ కుర్చీలో ఉండదు, బావి ఎవరిదో ఆ కంపెనీ దివాలా తీయడానికి ఇప్పటికే లాయర్లను పెట్టుకుంది. పూడ్చమని అడగడానికి మనిషంటూ మిగలడు. ఓర్లిండా మనవరాలు లీరియా ఆ బడిలో రెండో తరగతి. కిటికీ పక్క బల్ల.

చివరి రోజు పొద్దున అత్తగారు క్లియోఫాస్ చీకటితోనే లేచి తయారైంది. ఆవిడకు తొంభై దగ్గర పడింది. నల్ల శాలువా కప్పుకుని, చెవులకు పాత వెండి లోలాకులు పెట్టుకుని, అద్దె గదిలో మంచం అంచున కూర్చుని కాఫీ తాగుతోంది.

"ఇవాళేనా వాడి చట్టమయ్యేది?"

"ఇవాళే అత్తా. ముందు ఆయన గురించి మాట్లాడతారు. తర్వాత ఓటింగు."

"మాటలదేముందిలే" అంది ముసలావిడ. "నీ ముక్కేంటి అంత ఎర్రగా ఉంది? రాత్రంతా ఏడ్చావా?"

"లేదత్తా, చలి."

"ఆఁ, చలే. నాక్కూడా పోయినేడాది నుంచీ అదే చలి."

ఓర్లిండాకు నవ్వొచ్చింది. ఆ పూట నవ్వింది ఆ ఒక్కసారే.

సంతాప తీర్మానానికి ఆ సభలో ఒక మర్యాద ఉంది. ఎక్కడా రాసి లేదు కాబట్టే ఎవరూ దాటరు. తలుపులు మూసేస్తారు. కుటుంబం వాళ్లకు సభాపతి బల్ల కింద, సభ్యులకు ఎదురుగా రెండు కుర్చీలు వేస్తారు. మాట్లాడుతున్న వాళ్లకు ఎవరూ అడ్డు తగలరు, గడియారం వంక చూడరు, మధ్యలో లేచి వెళ్లరు. మాట్లాడదలచుకున్న వాళ్లంతా మాట్లాడాక కుటుంబంలో ఒకరు లేచి 'ఈ పుణ్యం దేవుడే మీకు తీర్చుగాక' అంటారు. అప్పుడే అది ముగుస్తుంది. ఆ మాట అనే హక్కు కుటుంబానికి తప్ప సభాపతికి కూడా లేదు. చావిళ్లలో ఎలాగో సభలోనూ అలాగే. కొండ ఊళ్ల సెనేటర్లు ఏనాడో తమ ఇళ్లనుంచి తెచ్చి పెట్టిన ఆచారం అది.

ఓర్లిండా తన బల్ల వదిలి ముందుకొచ్చి అత్తగారి పక్కన కూర్చుంది. ఎదురుగా గోడ మీద గడియారం పది దాటింది. సంతాపం అరగంటలో అయిపోతుందని హారియెట్ లెక్క. తర్వాత బిల్లు. చర్చ కూడా లేకుండా నేరుగా ఓటింగుకు వెళ్లేలా అంతా మాట్లాడుకున్నారు.

మొదట బెలార్మినో లేచాడు. పెద్దావిడకి ఇంటి భాషలో వినపడాలని స్పానిష్‌లోనే మాట్లాడాడు. చిన్నప్పుడు తనూ ఫకుందో ఫాదరీ గారి తోటలో పుచ్చకాయలు దొంగిలించి, దాచడానికి చోటు లేక చర్చి గంట కింద పెట్టి దొరికిపోయిన సంగతి చెప్పాడు. సభ ఘొల్లుమంది. ఏట్లో వరదొస్తే ఫకుందో తనను భుజాన వేసుకుని ఒడ్డుకు తెచ్చిన సంగతి చెప్తూ జేబులోంచి రుమాలు తీశాడు. ఎదురు పక్షం వాళ్లు కూడా ముక్కులు చీదారు. ఓర్లిండాకు గుండె నిండిపోయింది. పోయాక ఇన్నాళ్లకు ఫకుందో మళ్లీ ఒకసారి గదిలోకి నడిచి వచ్చినట్టనిపించింది.

ఆ తర్వాత ఇంకొకాయన లేచాడు. ఆ తర్వాత ఇంకొకరు. ఒకావిడ ఫకుందో తనకు ఒకసారి గొడుగు అరువిచ్చిన కథ చెప్పింది, ఆ గొడుగు రంగుతో సహా. బావుల జిల్లా నుంచి వచ్చిన ఒక పొడుగాటి సెనేటర్ లేచి ఫకుందో టోపీ గురించి మొదలుపెట్టాడు. టోపీ అంచు ఎంత వెడల్పు, ఎండకు అది ఎలా వెలిసింది, అలాంటి టోపీలు ఇప్పుడెందుకు దొరకవు. ఆ మనిషి బతికుండగా ఫకుందోతో ఒక్కనాడు మాట్లాడిన పాపాన పోలేదు. లిఫ్టులో ఎదురైతే మొహం తిప్పుకునేవాడు.

అప్పుడు ఓర్లిండా మొదటిసారి మర్యాద తప్పి గడియారం వంక చూసింది. పదకొండు దాటి చాలాసేపైంది.

చూపు సభ మీదికి తిప్పింది. ఇంతసేపూ లేచిన వాళ్లంతా ఎవరు? బిల్లుకు వ్యతిరేకంగా ఓటేస్తామన్న వాళ్లే. లేవడానికి వరసలో కోటు సర్దుకుంటున్న వాళ్లెవరు? వాళ్లే. చేతిలో ఓటు లేనివాళ్ల చేతిలో గడియారముంది. బెలార్మినో వంక చూసింది. ఆయన తల దించుకుని రుమాలుతో కళ్లొత్తుకుంటున్నాడు. ఏడుపు నిజమే, ఎత్తూ నిజమే. రెండూ ఒకే మనిషిలో పక్కపక్కన కూర్చుంటాయని ఆమెకు అంతదాకా తెలియదు. మొగుడి శవం మీదుగా నడిచి వెళ్లి మొగుడి బిల్లు గొంతు నులుముతున్నారు, అదీ పూలదండలు వేస్తూ.

హారియెట్ వంగి వంగి వచ్చి ఆమె కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"లే. లేచి ఆ మాట అనెయ్. నువ్వు తప్ప ఎవ్వరూ ఆపలేరు" అంది గుసగుసగా.

"ఇంకా మాట్లాడేవాళ్లున్నారు కదా."

"ఉంటారు! పన్నెండు కొట్టేదాకా ఉంటారు! మనకి ఓటింగుకి పది నిమిషాలు చాలు ఓర్లిండా. ఓట్లు మన చేతిలో ఉన్నాయ్. ఒక్క మాట. థాంక్స్ చెప్పి కూర్చో, అంతే."

"నీకు తెలీదు హారియెట్. ఇది చావింటి వ్యవహారం. పొగిడేవాళ్లని మధ్యలో ఆపకూడదు."

"ఇక్కడ ఎవరూ చావట్లేదమ్మా, బిల్లు చస్తోంది!"

హారియెట్‌కు ఎలా చెప్పాలి? ఒహితోలో పెట్రోనీలా అనే ఆవిడ ఉండేది. మొగుడి శవజాగారం రోజు పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే, పాడేవాళ్లను కాసేపు ఆపండయ్యా, పిల్లలకు ఇంత గంజి పోసి వస్తానంది. అంతే. ఆ రోజు నుంచి ఆవిడ 'మొగుడి నోరు మూసిన పెట్రోనీలా'. ఆవిడ పోయింది, కూతుళ్లు పోయారు, మనవలను ఇప్పటికీ 'నోరుమూసినోళ్లు' అనే పిలుస్తారు. పిల్లనివ్వడానికి వెనకాడిన ఇళ్లు కూడా ఉన్నాయి. రాజధానిలో పుట్టి పెరిగిన హారియెట్ వింటే నవ్వుతుంది. ఓర్లిండాకు నవ్వు రాలేదు.

పోనీ, తన పేరు ఏమైపోతేనేం. తనను ఊరంతా నోరుమూసిన ఓర్లిండా అంటే అననీ. కిటికీ పక్క బల్ల దగ్గర లీరియా కూర్చుని ఉంటుంది, కొండ గాలి తిరుగుతుంది. అది తలుచుకోగానే ఓర్లిండా కాళ్లలోకి బలం వచ్చింది. కుర్చీ చేతుల మీద ఆనుకుని సగం లేచింది కూడా.

లేస్తూ అత్తగారి వంక చూసింది.

క్లియోఫాస్ నిటారుగా కూర్చుని ఉంది. గడ్డం కొంచెం పైకెత్తింది. ఒక్కొక్కరు మాట్లాడి ముగించినప్పుడల్లా, ఇంటి గుమ్మం దగ్గర పరామర్శ అందుకుంటున్న మనిషిలా తల వంచుతోంది. పెదాల మీద సన్నటి నవ్వు. కొడుకును మట్టిలో పెట్టినప్పటి నుంచీ ఆ మొహం మీద నవ్వన్నది ఓర్లిండా చూడలేదు. కూడు సహించేది కాదు, నిద్ర పట్టేది కాదు, తెల్లవారుజామున వంటింట్లో ఒక్కతే కూర్చుని కొడుకు కప్పు తుడుస్తూ కనిపించేది. ఇవాళ ఇంత పెద్ద భవనంలో, గోడలకు రాతి పలకలున్న గదిలో, కోట్లూ టైలూ కట్టుకున్న వాళ్లు లేచి నిలబడి నీ కొడుకు మహానుభావుడంటున్నారు. ఈ ఒక్క పూటైనా ఆ ముసలి కడుపు చల్లబడుతోంది. ఆ నవ్వును తన నోటితో ఎలా ఆర్పుతుంది? ఇక చాల్లే, నీ కొడుకు గురించి విన్నది చాలు అని ఆవిడ మొహం మీదే ఎలా అంటుంది?

సరిగ్గా అప్పుడే మాట్లాడుతున్న సెనేటరమ్మ పెద్దావిడ వైపు తిరిగి, "అమ్మా, మీ కడుపు పండింది, ఇలాంటి కొడుకును కన్నారు" అంది. క్లియోఫాస్ మళ్లీ తల వంచింది. ఓర్లిండా కూర్చుండిపోయింది.

కింద హారియెట్ ఇంకా మోకాళ్ల మీదే ఉంది. "ఓర్లిండా, దండం పెడతాను" అంది. ఓర్లిండా ఆమె వంక చూడలేదు. కాసేపు చూసి చూసి హారియెట్ లేచి, వంగకుండానే నడుచుకుంటూ తన బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

ఇక ఆ తర్వాత మాటలు ఓర్లిండా చెవికి ఎక్కలేదు. గోడ మీద ముల్లు కదలడమే చూస్తోంది. ఇప్పుడు లేచినా చాలు అనుకుంది. ఈయన అయిపోగానే లేస్తాననుకుంది. ఈయన అయ్యేలోపలే ఇంకొకాయన లేచేవాడు. ఇంకా సమయముంది, ఇంకా ఉంది, కొంచెముంది అనుకుంటూనే ఉంది. ఒకసారి అత్తగారి చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది ఆ చెయ్యి, పట్టుకుంటే తిరిగి పట్టుకుంది.

ఆఖరున లేచినాయన ఫకుందో చేపల వేట గురించి చెప్తున్నాడు. ఏ వాగు, ఏ మలుపు, ఎర ఏమిటి. చేప ఇంకా గాలానికి వేలాడుతుండగానే సభాపతి సుత్తి పడింది. రాజ్యాంగం ప్రకారం ఈ సభ ముగిసింది అన్నాడు. సభ్యులంతా లేచి నిలబడ్డారు. కుటుంబం చెప్పాల్సిన మాట చెప్పే అవసరం కూడా రాలేదు.

బిల్లు కాగితాలు హారియెట్ బల్ల మీద అలాగే ఉన్నాయి. ఆమె వాటిని సంచీలో కుక్కుకుని ఎవరితోనూ మాట్లాడకుండా బయటికి పోయింది.

మిగతావాళ్లు వరసలో వచ్చి అత్తాకోడళ్లను కౌగిలించుకున్నారు. టోపీ సెనేటర్ కూడా వచ్చాడు. చావింట్లో వచ్చినవాళ్లను తోసెయ్యకూడదు. ఓర్లిండా అందరికీ భుజమిచ్చింది. చివర బెలార్మినో వచ్చాడు. కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి.

"పక్కకి రా అన్నా" అంది ఓర్లిండా. ఇద్దరూ నడవలో స్తంభం పక్కకు వెళ్లారు.

"నాతో చెప్పి చెయ్యాల్సింది."

"చెప్తే ఒప్పుకుంటావా?"

"ఇందాక ఏడ్చింది నిజమేనా?"

"ఒట్టు చెల్లెమ్మా. నా తల్లి తోడు, నిజం." ఆయన గోడకి చెయ్యి ఆన్చాడు. "నన్ను గెలిపించిన కింద జిల్లాల సంగతి నీకు తెలుసు. గ్యాస్ మీద పన్ను ఆగిందంటే ఆస్పత్రి మూతపడుద్ది. కుర్రోళ్లు మూటా ముల్లే సర్దుకుని పోతారు. ఓటింగుకొస్తే మేం ఓడిపోతాం, లెక్క కళ్లముందుంది. ఇంకేం చెయ్యను? ఫకుందోనే అడ్డం పెట్టుకున్నా. వాడైతే ఏమనుకుంటాడో తెలుసా? భలే ఎత్తు వేశావురా దొంగనాకొడకా అని నవ్వుతాడు."

"నవ్వడు."

"నవ్వుతాడు చెల్లెమ్మా, నీకు తెలీదు, మేం చిన్నప్పట్నుంచి..."

"నవ్వడన్నా. చచ్చిపోయాడు." ఓర్లిండా గొంతు పెంచలేదు. కొంపాద్రెతో గొంతు పెంచకూడదు మరి. "నువ్వు చేతుల మీద పట్టుకున్న పిల్ల కూతురు ఆ బళ్లోనే ఉంది. ఈసారి గంట కింద పుచ్చకాయలు దొరకవు, పిల్లలు దొరుకుతారు."

బెలార్మినో చెయ్యెత్తి ఆమె నెత్తిన పెట్టబోయాడు. ఆమె ఒక్క అడుగు వెనక్కి వేసింది. ఆ చెయ్యి అలాగే గాల్లో కాసేపు ఉండి కిందికి దిగింది.

అత్తగారిని నడిపించుకుంటూ కారు దాకా వచ్చేసరికి ఎండ మంచు మీద పడి కళ్లు చెదురుతున్నాయి. ముసలావిడను కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, శాలువా సర్ది, తన వైపుకు వచ్చి కూర్చుంది. తాళం తిప్పలేదు.

"ఏమే" అంది క్లియోఫాస్. "ఓట్లు ఎప్పుడేశారు? నాకు తెలీలేదే."

"వెయ్యలేదత్తా. పన్నెండయిపోయింది. ఇంక వెయ్యరు."

"మరి వాడి చట్టం?"

"అవ్వలేదు."

ముసలావిడ కోడలి వైపు తిరిగింది.

"అన్ని మాటలెందుకు మాట్లాడారు మరి?"

ఓర్లిండా చెప్పింది. ఎందుకు మాట్లాడారో, ఎవరు మాట్లాడించారో, ఆపే మాట ఎవరి చేతిలో ఉందో, అంతా చెప్పింది. చెప్తున్నంతసేపూ స్టీరింగు వంకే చూస్తోంది. దాచాలని ఒక్క క్షణం అనిపించింది గానీ చేతకాలేదు.

"నీ చేతిలో ఉందా?" అంది క్లియోఫాస్.

"ఉందత్తా."

"మరెందుకు లేవలేదే?"

"నువ్వు నవ్వుతుంటే లేవలేకపోయాను. ఇన్నాళ్లకి నవ్వావు. ఆయన గురించి వింటుంటే నీకు బాగుంది కదా అని."

"బాగుందా?" అంది ముసలావిడ. "నా కొడుకెలాంటోడో నాకా వెధవలు చెప్పాలా? వాడి టోపీ గురించి నాకు చెప్తాడంట, ఆ టోపీ కొన్నదే నేను! ఎప్పుడాపుతారా, ఎప్పుడు చట్టమవుద్దా అని కూచున్నానే నేను. పక్కన నువ్వున్నావు కదా, నీ మొగుడి గురించి వింటున్నావు కదా, నేను మొహం మాడ్చుకుని కూచుంటే నీ మనసు కష్టపడుద్దని నవ్వుతా కూచున్నా. పళ్లు నొప్పెట్టాయ్ నవ్వలేక."

ఓర్లిండా తాళం చెవి ఊడదీసి ఒళ్లో పెట్టుకుంది.

"చచ్చినోడికి తొందరేముందే" అంది క్లియోఫాస్. "వాడు ఆగేవాడు. పిల్లది ఆగుద్దా?"

మళ్లీ తనే, ఈసారి చాలా నెమ్మదిగా, "నన్నొక్క మాట అడగాల్సింది కదే" అంది.

సభలో రెండు కుర్చీలూ ఆనించే వేశారు. అడగడానికి ఓర్లిండా కొంచెం తల వంచితే సరిపోయేది.